ఎత్తు పెంచిన జీపు

మా ఆయన ఎవరినీ కొట్టి ఎరుగడు. పెళ్లయిన ఇన్నేళ్లలో నా మీదే కాదు, దుకాణంలో కొత్త చీరల కట్ట మీద చాయ్ ఒలకబోసిన పనివాడి మీద కూడా చెయ్యెత్తలేదు. జీపు ఇంటికి వచ్చాకే ఆయన దెబ్బలు తిన్నాడు. దెబ్బలు వేశాడు కూడా.

మాది పోచంపల్లి నేతవాళ్ల కుటుంబం. దిల్‌సుఖ్‌నగర్‌లో నాకు చిన్న చీరల దుకాణం ఉంది. ఆయనది ఆఫీసు ఉద్యోగం. సరూర్‌నగర్ చెరువు దగ్గర ఇల్లు. బాటసింగారం అవతల మాకున్న కొంచెం చెలకలో నిమ్మ చెట్లు పెట్టాం. వానాకాలం వచ్చిందంటే రోడ్డు నుంచి చెలకలోకి పోయే బాట అంతా మోకాలి లోతు బురద. కారు పోదు. అందుకని ఎవరో వాడిన పాత ఫోర్ వీల్ డ్రైవ్ జీపు కొన్నాం. నాలుగు చక్రాలూ లాగుతాయి గనక బురదలోంచి బయటపడేది. కానీ ట్రాక్టర్ చక్రాల చాళ్ల మధ్య లేచిన మట్టి దాని కడుపుకు తగిలి గీసుకుపోయేది.

ఎల్బీ నగర్ దాటాక సాగర్ రోడ్డు మీద ఒక షెడ్డుకు తీసుకుపోతే, దాని ఓనరు జీపు చుట్టూ ఒకసారి తిరిగి, "ఎత్తు లేపుదాం సార్. గుర్రం లెక్క అయితది" అన్నాడు.

జీపు బరువంతా మోసేవి కమాన్ కట్టలు. వంగిన ఉక్కు పట్టీలు ఒకదాని మీద ఒకటి పేర్చి, నడుమ బోల్టు వేసి బిగిస్తారు. షెడ్డాయన ఒక్కో కట్టలో అదనపు పట్టీలు దూర్చాడు. కట్టల చివరలను చాసిస్‌కు పట్టి ఉంచే చిన్న ఇనుప బందులు తీసేసి పొడుగువి బిగించాడు. జీపు జానెడు ఎత్తు లేచింది. మా ఆయన ఎక్కి కూర్చుని, కాలనీ అందరికీ కనబడేలా కిటికీలోంచి మోచెయ్యి బయటపెట్టి నడిపాడు.

ఆ సంబరం ఎక్కువ రోజులు లేదు. స్పీడ్ బ్రేకర్ వచ్చిందంటే నడుము విరిగినంత పని. తల పైకప్పుకు కొట్టుకునేది. మలుపు తిరిగాక స్టీరింగ్ దానంతట అది వెనక్కి వచ్చేది కాదు, లాగి తెచ్చుకోవాల్సిందే. బ్రేకు వేస్తే ఒక పక్కకు ఈడ్చేది. షెడ్డుకు పోయి చెబితే ఓనరు నవ్వాడు.

"కొత్త కమాన్లు మేడమ్. కూసునేదాంక గట్లనే ఉంటది. సార్‌కు జర భయం ఎక్కువ."

ఒక ఆదివారం పొద్దున చెలక నుంచి నిమ్మకాయల బస్తాలతో వస్తున్నాం. ఆయన నడుపుతున్నాడు, నేను పక్కన. ఎల్బీ నగర్ ఫ్లైఓవర్ దిగుతుంటే సిమెంటు పలకల మధ్య అతుకు ఒకటి ముందు చక్రానికి తగిలింది. అంతే. ముందు చక్రాలు రెండూ కుడికీ ఎడమకూ కొట్టుకోవడం మొదలుపెట్టాయి. ఎవరో కింద నుంచి ఇరుసు పట్టుకుని ఊపుతున్నట్టుంది. స్టీరింగ్ ఆయన చేతుల్లో గింగిరాలు తిరిగి బొటనవేలు మీద కొట్టింది. అద్దం ఊడి నా ఒళ్లో పడింది. నా దవడ తలుపుకు తగిలి నోట్లో రక్తం వచ్చింది. వెనక బస్తా పగిలి నిమ్మకాయలు రాళ్లలా ఎగురుతున్నాయి.

"బ్రేకు! బ్రేకెయ్యి!" అని అరిచాను.

తొక్కినకొద్దీ ఊపు పెరిగింది. జీపు ఎడమకు దూకి ఒక బైకును గుద్దింది. బైకు మీది మనిషి ఎగిరి ఫుట్‌పాత్ మీద పడటం చూశాను. జీపు అంచు రాయికి కొట్టుకుని ఆగిపోయింది.

నేను తలుపు తెరిచే లోపలే ఆయన్ను బయటికి గుంజేశారు. ఎవరు, ఎక్కడ నుంచి వచ్చారో తెలియదు. ఆదివారం పొద్దున ఖాళీగా ఉన్న రోడ్డు మీద అంతమంది ఎట్లా పుట్టుకొచ్చారో!

"కండ్లు కనబడ్తలేవార! సంపుతవా మనిషిని?"

"తాగిండన్నా, తాగి నడుపుతున్నడు!"

మొదటి దెబ్బ చెంప మీద. తరవాతి గుద్దుకు కనుబొమ పగిలింది. కింద పడ్డాక కాళ్లతో తన్నారు. చెప్పు కాళ్లు, బూటు కాళ్లు. ఆయన చేతులు అడ్డం పెట్టుకోలేదు. "బండి ఆగలే, బండి ఆగలే" అని మాత్రం అంటున్నాడు. నేను దొరికిన చొక్కా దొరికినట్టు పట్టి లాగాను. ఒకడి చెయ్యి కొరికాను. వాడు విదిలిస్తే జీపు బానెట్‌కు కొట్టుకుని కూలబడ్డాను.

అప్పుడు గుంపులోకి ఒక హెల్మెట్ దూసుకొచ్చింది. బైకు మీంచి పడ్డ మనిషే. యాభై దాటిన వయసు. ప్యాంటు చిరిగి మోకాలి నుంచి రక్తం కారుతోంది. చేతిలోని హెల్మెట్‌తో అడ్డమొచ్చిన వాళ్లను పొడుస్తూ వచ్చి మా ఆయన పక్కన నిలబడ్డాడు.

"ఆగండి! ఆగండయ్యా! పడింది నేను. మీకెందుకంత కోపం? బండి ఆయన చేతిలో లేదు, నేను చూశాను. ఇంకొక్క దెబ్బ పడిందంటే ఈ హెల్మెట్‌తో మీ బుర్రలు పగలగొడతా!"

ఒక్కొక్కరే జారుకున్నారు. వెళుతూ వెళుతూ ఒకతను మా నిమ్మకాయలు ఏరుకుని జేబులో వేసుకున్నాడు. ఆ మనిషీ మేమూ ఒకే ఆటోలో దవాఖానకు పోయాం. మా ఆయనకు కనుబొమ మీద కుట్లు పడ్డాయి, పక్కటెముక చిట్లింది. ఆ పెద్దాయన తన మోకాలికి కట్టు కట్టించుకుని, "బండి చూపించుకోండమ్మా ముందు" అని చెప్పి వెళ్లిపోయాడు.

తరవాత మా ఆయన ఇంట్లో మాట్లాడటం మానేశాడు. అన్నం పెడితే తినేవాడు. కింద వీధిలో పిల్లలు టపాకాయ కాలిస్తే ఒళ్లంతా బిగుసుకునేది. జీపును క్రేన్‌తో అదే షెడ్డుకు చేర్పించాం. నొప్పి కాస్త తగ్గాక, "షెడ్డుకు పోదాం నడువు" అన్నాడు.

మేం పోయేసరికి జీపును స్టాండ్ల మీద నిలిపి, ముందు కమాన్ కట్ట ఒకటి విప్పి కింద పెట్టారు. ఓనరు మా ఆయన కుట్లను చూశాడు. చూసి కూడా నోరు ఊరుకోలేదు.

"స్టీరింగ్ గట్టిగ పట్టుకోవాలె సార్. గిది జీపు, స్కూటీ గాదు."

మా ఆయన అడుగు ముందుకేసి, మాట్లాడబోతున్నట్టే దగ్గరికి పోయి, అతని జుట్టు పట్టి ముఖాన్ని బానెట్‌కేసి కొట్టాడు. రేకు మోగింది. మళ్లీ కొట్టాడు. అతని ముక్కులోంచి రక్తం చిమ్మింది. పనివాళ్లలో ఒకడు రాడ్డు పట్టుకుని ఉరికాడు. నేను మధ్యలో నిలబడి, "నన్ను గొట్టు ముందుగాల!" అని అరిచాను. వాడు ఆగాడు. మా ఆయన వేళ్లను ఆ జుట్టులోంచి ఒక్కొక్కటే విడిపించాల్సి వచ్చింది.

ఓనరు లేచి ముక్కు తుడుచుకున్నాడు. కళ్లు ఎర్రబడి ఉన్నాయి. "తీస్కపో నీ డబ్బ! అన్ని ఇప్పి నీ మొఖాన కొడ్త, తీస్కపో!" అంటూ కింద ఉన్న కమాన్ కట్ట మీద కాలు పెట్టి పానాతో నడిమి బోల్టు తిప్పడం మొదలుపెట్టాడు.

"అన్నా, బిగియ్యలే! ఇప్పకు!" అని పనివాడు కేక పెట్టాడు.

ఆ పట్టీలు ఎప్పుడూ విడిపోవాలనే చూస్తుంటాయి. రెండు పక్కలా గట్టిగా బిగించి గానీ నడిమి బోల్టు విప్పకూడదట. నట్టు చివరి మరకు వచ్చింది. తుపాకీ పేలినట్టయింది. ఒక పట్టీ ఎగిరి వెనక రేకు గోడను చీల్చింది. ఇంకొకటి అతని ముంజేతికి తగిలింది. మణికట్టు పైన చెయ్యి ఉండకూడని చోట వంగింది. అతను కాసేపు దాన్ని చూస్తూ ఉండిపోయి, ఆ తరవాత అరిచాడు.

నేను చున్నీ తీసి, దొరికిన చెక్క ముక్క పెట్టి అతని చెయ్యి కట్టాను. కడుతూ తలెత్తి చూస్తే మా ఆయన అక్కడే నిలబడి నవ్వుతున్నాడు. రోడ్డు మీద పడ్డ దెబ్బలు చూసినప్పుడు కూడా నాకు అంత భయం వేయలేదు.

పనివాళ్లు అతన్ని దవాఖానకు తీసుకుపోయాక, మెట్రోలో ఇంటికి వస్తుంటే మా ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నాడు.

"మంచిగనిపించింది."

"ఏంది?"

"ఆని చెయ్యి ఇరిగినప్పుడు. నన్ను కొట్టినోళ్లకు గూడ గిట్లనే అనిపించిందేమో."

ఆయన చెయ్యి పట్టుకుందామనుకుని పట్టుకోలేకపోయాను.

జీపును నేనే సరూర్‌నగర్‌లోని వేరే షెడ్డుకు మార్పించాను. పొడుగు బందులు ముందు ఇరుసును మెలితిప్పాయని, అందువల్ల చక్రాలను తిన్నగా నిలిపే వాలు పోయిందని అక్కడి మెకానిక్ చెప్పాడు. దానికి తోడు స్టీరింగ్ కీళ్లు అరిగిపోయి వదులయ్యాయి. "లేపొచ్చమ్మా, తప్పు గాదు. గని ఇరుసు జూస్కోని లేపాలె" అన్నాడు. పాత బందులే మళ్లీ వేశాడు, అదనపు పట్టీల్లో ఒకటే ఉంచాడు, కీళ్లు మార్చాడు, ఇరుసు వాలు సరిచేయడానికి కమాన్ల కింద ఏటవాలుగా కోసిన ఇనుప బిళ్లలు పెట్టాడు. పెంచిన ఎత్తులో జీపుకు మూడు వేళ్లంత మాత్రమే మిగిలింది.

మొదటిసారి నేనే నడిపాను, కావాలనే ఆ ఫ్లైఓవర్ మీదికి. మా ఆయన పక్కన కూర్చుని డాష్‌బోర్డును రెండు చేతులతో పట్టుకున్నాడు. అతుకు వచ్చింది. దబ్బుమని ఒక చప్పుడు, అంతే. స్టీరింగ్ నా చేతిలోనే ఉంది. "ఆపు" అన్నాడు. పక్కకు ఆపితే దిగి, ఫుట్‌పాత్ పక్కన వాంతి చేసుకున్నాడు. నీళ్లు పుక్కిలించి మళ్లీ ఎక్కాడు.

కొన్నాళ్లకు ఆయనే నాకు చెప్పకుండా యాపిల్ పళ్లు కొనుక్కుని, చెయ్యి విరిగిన ఆ షెడ్డాయన ఇంటికి పోయాడు. తిరిగొచ్చేసరికి నుదుటి మీద కొత్త బొప్పి ఉంది.

"ఏమైంది?" అన్నాను కంగారుగా.

"యాపిల్ ఇసిరిండు. ఎడమ చేత్తోని. ఐనా సక్కగ తాకింది."

"మరి నువ్వేం చేసినవ్?"

"ఏం చేస్త! ఆళ్లమ్మ వచ్చి ఆనికి నాలుగు దొబ్బులు పెట్టి నన్ను కూసోమన్నది. కూసున్న."

"ఏం మాట్లాడుకున్నరు?"

"ఏం లేదు. టీవీల కబడ్డీ వస్తుండె. అయిపోయేదాంక జూసినం."