గడియ వేసిన తలుపు

సోలాపూర్‌లో కుంఠా నాకా దగ్గర, మా ఇంటి ముందుగదిలో ముగ్గురు పిల్లలతో ఆదివారపు బైబిలు తరగతి ప్రారంభించాను. ఒక పాట, ఒక కథ, ఒక వాక్యం. సరిగ్గా నలభై నిమిషాలు. ఏడాదిన్నరలో పిల్లలు ఇరవై ఇద్దరయ్యారు. వృత్తిరీత్యా నేను పవర్‌లూమ్ ఇంజనీరును. తరగతి పదింటికి; పది కాగానే తలుపుకు గడియ పెట్టేదాన్ని.

ఆ ఆదివారం పాట నడుస్తుండగా ఎవరో తలుపు తట్టారు. గడియారంలో పది గంటల మూడు నిమిషాలు. ఆలస్యంగా వచ్చేవారికి తెలిసిరావాలని పాట ఆపనివ్వలేదు. ఆ చప్పుడు పెరిగింది. వెంటనే ఒక కేక వినిపించింది.

గడియ తీశాను. గుమ్మం ముందు మా తరగతి పిల్ల, తొమ్మిదేళ్ల సుజాత పడి ఉంది. మగ్గానికి నూలు కండెలు చుట్టే పని వదిలి వచ్చిందని ఆమె తండ్రి మగ్గం కర్రతో కొడుతున్నాడు. నుదురు చీలి రక్తం కళ్లలోకి కారుతోంది. నేను అడ్డుపెట్టిన చేతిమీద తరువాతి దెబ్బ పడి మణికట్టు ఎముక విరిగింది. పక్క మగ్గాల షెడ్డు కార్మికులు అతణ్ణి వెనక్కి లాగారు.

"కండెలిడిసి ఉరికినవ్ గదనే! తీసిందా తలుపు మీ అక్క?" అని అతను వెటకారంగా అరిచాడు.

సుజాత నా కొంగు పట్టుకుంది. "కోపం జెయ్యకక్కా. మల్ల ఐతారం జల్ది వస్త" అంది.

ఆలస్యమైనందుకు ఆమె నాకు క్షమాపణ చెబుతోందని గ్రహించడానికి కొంతసేపు పట్టింది. తరగతి నా సమయపాలన వల్లనే పెరిగిందని అంతవరకూ నమ్మాను.

మూడు వారాల తరువాత, నుదుటిమీద కుట్ల గుర్తులతో, పది గంటల ఇరవై నిమిషాలకు సుజాత వచ్చింది. కండెలన్నీ చుట్టి వచ్చిందట. అప్పుడు నేను తలుపు తెరిచి ఉంచి, గుమ్మంలోనే నిలబడి పిల్లలతో ఇంకా పాటే పాడిస్తున్నాను.