ఆవకాయ రోజున సర్వర్ కాల్

పెళ్లై నూజివీడు వచ్చిన మొదటి వేసవి. ఉద్యోగం ఇంటి నుంచే. ఒక సరుకుల కంపెనీకి షాపుల నుంచి వచ్చే ఆర్డర్లను గోడౌన్ సిస్టమ్‌కి చేరవేసే సర్వర్ ఉంది. దాన్ని చూసుకోవడం నా పని. అత్తయ్య ఆవకాయ పెట్టే రోజుకు సెలవు పెట్టుకోవాలని మాత్రం నాకు తట్టలేదు.

దగ్గర్లోని చాట్రాయి ఊరి మామిడి తోట నుంచి పుల్లటి కాయలు వచ్చాయి. వసారాలో అత్తయ్యా నేనూ ముక్కలు తుడుస్తుంటే హైదరాబాద్ నుంచి మా టీమ్ లీడ్ ఫోన్ చేశాడు.

"ప్రాసెసర్ మొత్తం నిండిపోయిందండీ. ఆర్డర్లు కదలట్లేదు. రీస్టార్ట్ చేస్తే కాసేపు బాగుండి మళ్లీ మామూలే. ఇంకోసారి చేసేయమంటారా?"

"వద్దండీ, ఆగండి. లోపల ఏం జరుగుతోందో ముందు చూస్తాను."

ల్యాప్‌టాప్ వసారాలోకే తెచ్చుకున్నాను.

"ఏంటమ్మా, ఆఫీసా? చూసుకో, ముక్కలు నేను తుడుస్తాలే," అంది అత్తయ్య.

సర్వర్ ఆ క్షణాన ఏయే పనుల్లో ఉందో చూపించే థ్రెడ్ డంప్‌లు కొన్ని సెకన్ల ఎడంతో కొన్ని తీశాను. అన్నింట్లోనూ ఒకటే పని. ఒక షాపు పంపిన ఆర్డర్లలో తేదీ తప్పుగా ఉంది. సర్వర్ వాటిని గోడౌన్‌కి పంపే రూపంలోకి మార్చలేక తిరిగి క్యూలో పడేస్తోంది, మరుక్షణమే మళ్లీ తీసుకుంటోంది. రీస్టార్ట్ చేసినా అవి క్యూలోనే ఉంటాయి కదా, ప్రాసెసర్ మీద భారం ఇంకెలా తగ్గుతుంది!

విషయం చెప్పగానే లీడ్ ఆ ఆర్డర్లను పక్కకు తీయించాడు. ఇకపై అలాంటి ఆర్డర్ వస్తే కొన్ని ప్రయత్నాల తర్వాత వదిలేసేలా నేను సెట్టింగ్ మార్చాను. ఫోన్ స్పీకర్‌లో పెట్టి, అతనక్కడ, నేనిక్కడ ప్రాసెసర్ వాడకం చూపే గ్రాఫ్ చూస్తూ కూర్చున్నాం.

ఈలోగా అత్తయ్య పచ్చడి కలిపేసి జాడీకెత్తింది. అడుగున కారం మిగిలిన బేసిన్‌లో వేడన్నం, నెయ్యి వేసి కలిపి నా పక్కన కూర్చుంది.

"నోరు తెరు. పొద్దున్నుంచీ ఏం తిన్నావని?"

కాల్‌లో ఉన్నానని సైగ చేసేలోపే ముద్ద నోట్లో పెట్టేసింది.

"దిగుతోందండీ! మీకూ కనిపిస్తోందా?" అన్నాడు లీడ్.

"ఊఁ," అన్నాను. అంతకుమించి మాట రాలేదు. కళ్లలో నీళ్లు, ముక్కు మంట.

"ఏమైందండీ? ఇంకేమైనా ప్రాబ్లమా?"

అత్తయ్య ఫోన్ వైపు వంగి, "ఏం లేదు బాబూ, కాస్త కారం ఎక్కువైంది," అంది.

అవతల లీడ్ పగలబడి నవ్వాడు.