చిన్నమ్మకు చదివిన కార్డు

ఆ రోజుల్లో నాకు దేవుడి మీద కన్నా నా తెలివి మీద నమ్మకం ఎక్కువ. ఇరవై ఏళ్లు. సూరత్‌లో, పర్వత్ పాటియా దగ్గర చిన్నమ్మ ఇంట్లో ఉంటూ కార్ఖానాలో సాంచాల మీద బట్ట నేసేవాణ్ణి. ఆదివారాలు మేమూ, మరో పది తెలుగు కుటుంబాలూ ఒక అద్దె గదిలో కూడి ప్రార్థన చేసుకునేవాళ్లం. కొత్త సంవత్సరం ఉదయం పాస్టరయ్య స్టీలు పళ్లెంలో వాగ్దానం కార్డులు బోర్లించి తెచ్చేవాడు. కళ్లు మూసుకుని ఒకటి తీసుకోవాలి. అందులో ఏ వాక్యం ఉంటే, ఆ ఏడాదంతా దేవుడు మనకు చెప్పేది అదే.

కరోనా వచ్చిన ఏడాది నా కార్డులో, ఆకలిగా ఉన్నవాడికి నీ అన్నం పెట్టమని ఉంది. నాకు ఒళ్లు మండింది. వాగ్దానమంటే దేవుడు ఇవ్వాలి గానీ నన్ను ఇమ్మంటాడేమిటి? (నా ముందున్న ఆవిడకు సంతానం ఇస్తానన్న కార్డు వచ్చింది. ఆవిడకు అరవై ఏళ్లు. ఆవిడైనా గొణగలేదు.) చిన్నమ్మకు మాత్రం, ఏ తెగులూ నీ ఇంటి దరికి రాదని వచ్చింది. ఆమెకు చదువు రాదు. "జర సదువు కొడుకా, దేవుడు నాకేమన్నడో" అంటూ కార్డు నా చేతికిచ్చింది. నేను నా కార్డునే ఆమెదన్నట్టు చదివి ఆమెకిచ్చి, ఆమెది నా జేబులో వేసుకున్నాను. చిన్నమ్మ ఆ కార్డును కళ్లకద్దుకుని, ఇంటికొచ్చి అద్దానికి అంటించింది.

మార్చిలో కార్ఖానాలు మూతపడ్డాయి. పక్క గల్లీలో కార్మికులు ఊళ్లకు పోలేక గదుల్లో చిక్కుకుపోయారు. చిన్నమ్మ ముక్కుకు చీర కొంగు కట్టుకుని, పెద్ద గిన్నె నిండా అన్నం వండి వాళ్లకు పంచడం మొదలుపెట్టింది.

"గిట్ల పెట్టుకుంటపోతే మనమేం తింటం చిన్నమ్మా?" అన్నాను.

"నువ్వే గదరా సదివినవ్! దేవుడు నోరిడిచి చెప్పినంక నన్నేం జెయ్యమంటవ్?"

గిన్నెకు ఓ పక్క పట్టమంటే తలనొప్పి అని పడుకున్నాను. తలుపేసుకుని, తెగులు రాదన్న కార్డును రోజుకు నాలుగుసార్లు శానిటైజర్‌తో తుడిచేవాణ్ణి. వారం తిరిగేసరికి అక్షరాలన్నీ చెరిగి, 'తెగులు' అన్న మాటొక్కటే మిగిలింది.

జూన్‌లో చిన్నమ్మకు జ్వరం, ఆయాసం. అంబులెన్సు వచ్చింది. చెరిగిపోయిన ఆ తెగులు కార్డు ఆమె చేతిలో పెట్టబోయాను.

"చిన్నమ్మా, ఇది నీదే. ఆ దినం నేను..."

"వద్దు కొడుకా. నీకొచ్చింది నీ దగ్గర్నే ఉండనీ. చిన్నోనివి. నాది నాకు సాలు."

తలుపు వేసేశారు. ఆమె తిరిగి రాలేదు.

"కార్డు మారకున్నా ఆమె వండేదే" అన్నాడు పాస్టరయ్య, అంతా విన్నాక. నిజమే కావచ్చు. కానీ ఆ గిన్నె మోయవలసింది నేను.

ఇప్పుడు ప్రతి ఆదివారం ప్రార్థన కాగానే అదే గిన్నెలో వండి పక్క గల్లీకి తీసుకెళ్తున్నాను. అడుగు మాడని వారం లేదు. "మౌసీ వండితే ఇట్లుండకపోయేది భాయ్" అంటూనే, చిన్నమ్మను మౌసీ అని పిలిచే ఆ కార్మికులు రెండోసారి పెట్టించుకుంటారు. చిన్నమ్మ అంటించిన కార్డు అద్దం మీద అలాగే ఉంది. గడ్డం గీసుకుంటూ రోజూ చదువుతాను. పక్కనే అద్దంలో ఆ తెలివైనవాడు సబ్బు నురగతో కనిపిస్తాడు. వాణ్ణి చూస్తే కొంచెం నవ్వొస్తుంది. ఆదివారమైతే అప్పుడే బియ్యం కడిగి నానబెడతాను.