ఎర్ర దీపం ఆర్పింది నేనే

సారు పోయిన కబురు వచ్చినప్పుడు ఆయన ఇంటి తాళంచెవి నా చేతిలోనే ఉంది. రోజూలాగే పొద్దున్నే వాకిలి ఊడవడానికి పోయాను. గుండెల్లో నొప్పి అంటే హైదరాబాదు దవాఖానకు తీసుకుపోయి నాలుగు రోజులైంది. ఇవాళో రేపో వస్తాడని రోజూ కుండలో నీళ్లు మార్చి పెడుతున్నాను. తాళం తిప్పబోతుంటే పక్కింటామె గోడ మీదుగా అన్నది.

"అవ్వా, తీయకు. సారు పోయిండంట. జరసేపయింది ఫోనొచ్చి."

నేను తాళం తీశాను. వద్దంటే తీసే మనిషిని నేను.

లోపల కిటికీలన్నీ మూసి ఉన్నాయి. ఆ మసక గదిలో ఆవగింజంత ఎర్ర దీపం ఒక్కటే వెలుగుతున్నది. సారు పాటల మిషన్‌ది. మనిషి పోయాడని దానికి తెలియదు. దాన్ని చూడగానే నాకు ఏడుపు రాలేదు. భయమేసింది. గడప మీదనే కూలబడ్డాను.

సారు యాదిలో వేస్తున్న ఈ పుస్తకం చదివే మీరంతా కాలేజీలో ఆయన దగ్గర చదువుకున్నవాళ్లు. ఆయన పాఠాల గురించి మీరు రాస్తారు. నాకు అక్షరం ముక్క రాదు. ఇరవై ఏళ్లకు పైగా ఆ ఇల్లు ఊడ్చి, రెండు పూటలా వండిపెట్టినదాన్ని. మీలో ఒకామె, ఇప్పుడు బడిలో టీచరమ్మ, నా ఎదుట కూర్చుని రాస్తున్నది. "పుస్తకానికి తగ్గట్టు రాయి, కానీ మంది అన్న మాటలు మాత్రం అన్నవి అన్నట్టే పెట్టు" అని చెప్పాను. ఎందుకంటే ఈ వాడలో నన్ను దొంగ అన్నారు. సారు శవం ఊరికి రాకముందే సారు మిషన్‌ను నెత్తిన పెట్టుకుని పోయిందన్నారు. నిజమే, పోయాను. ఎందుకు పోయానో చెబుతాను. సారు ఎట్లాంటివాడో అందులోనే తెలుస్తుంది.

అది సీడీలు పాడే మిషన్. సీడీలు పాడేవి అప్పట్లో చాలా ఇళ్లలో ఉండేవి, అరచేతిలో పట్టేటివి. ఇది అట్లాంటిది కాదు. విదేశం నుంచి పెట్టెలో వచ్చింది, ఇరవై కిలోల బియ్యం మూటంత బరువు. సారు రిటైరైన ఏడాది కొన్నాడు. భార్య ఎప్పుడో పోయింది, పిల్లలు లేరు. ఇల్లు కట్టుకో సారూ అంటే, దీన్ని కొన్నాడు. మీట నొక్కితే ముందు నుంచి ఒక పలక బయటికి వస్తుంది, దాని మీద బిళ్ల పెడితే లోపలికి మింగుతుంది. నేను దాన్ని నాలుక అనేదాన్ని. ఆ పేరు విని సారు పకపకా నవ్వాడు. తరువాత ఆయన కూడా నాలుకే అనేవాడు.

దాని దగ్గరికి పోవాలంటే సారు చేతులు సబ్బుతో కడుక్కునేవాడు. మిషన్ వేసి, వెంటనే పాట పెట్టడు. చాయ తాగేవాడు, పేపరు చూసేవాడు. అర్ధగంటకు లేచి, మూత మీద అరచెయ్యి పెట్టి చూసేవాడు, పిల్లల జ్వరం చూసినట్టు.

"ఎందుకు సారూ గింత సేపు?" అని అడిగాను ఒకసారి.

"వెచ్చగ కానీయమ్మా. నిద్ర లేవంగనే నిన్ను పాడుమంటే పాడుతవా?"

పాట అయినాక కూడా పూర్తిగా ఆపేవాడు కాదు. ఆ ఎర్ర దీపం అట్లా వెలుగుతూనే ఉండాలి. "నిద్రపోనీ, సావనియ్యకు" అనేవాడు. ఉరుములు ఉరిమినప్పుడు మాత్రం తానే లేచి తీగ పీకేవాడు. ఏళ్లు గడిచి లోపలి రబ్బరు సాగింది, నాలుక బయటికి రాక మొండికేసేది. అప్పుడు మీట నొక్కి, చిటికెన వేలి గోరు సందులో పెట్టి, మెల్లగా ఇంత ఆసరా ఇచ్చేవాడు. అందుకోసమే ఆ ఒక్క గోరు పెంచాడు.

"కాలేజీల పాఠాలు చెప్పినోడివి, ఆడపిల్ల తీరు గోరు పెంచుడేంది?" అని ఎగతాళి చేస్తే, "నీ పుణ్యమే గదమ్మా, నీ చెల్లె కోసమే పెంచిన" అన్నాడు.

మా చెల్లెను అలంపూర్‌లో ఇచ్చారు. ఒక ఎండాకాలం నన్ను చూడ్డానికి వచ్చి, సారు ఇంటి వెనక నాతో కలిసి గిన్నెలు తోముతూ నాట్ల పాట ఎత్తుకుంది. సారు విని, మా ఇద్దరినీ వరండాలో కూర్చోబెట్టి టేపులో పట్టాడు. ఆ టేపును హైదరాబాదులో ఒక బిళ్లకు ఎక్కించి తాను ఉంచుకున్నాడు, క్యాసెట్ మా చెల్లెకు ఇచ్చాడు. తుంగభద్ర అలంపూర్ మీద పడిన ఏడు ఆ క్యాసెట్టు, బట్టలు, పెళ్లిపెట్టె అన్నీ బురదలో కలిశాయి. చెల్లె మిద్దె ఎక్కి బతికింది. బతికి, రెండేళ్లకు కామెర్లతో పోయింది. ఆమె గొంతు ఈ భూమ్మీద ఆ ఒక్క బిళ్లలోనే మిగిలింది.

ఆమె పోయిన నెలకు నేను చేటలో బియ్యం చెరుగుతుంటే లోపలి గదిలోంచి చెల్లె పాడింది. చేట విసిరేసి వీధిలోకి ఉరికాను. సారు చెప్పులు కూడా లేకుండా వెనకాలే వచ్చాడు.

"అమ్మా, దయ్యం కాదు. నీ చెల్లెనే. చెప్పకుండ పెట్టిన, తప్పు నాదే. రా."

ఆ రోజు నేను లోపలికి పోలేదు. మూడో రోజు పోయాను. అప్పటినుంచి ఏటా ఆమె పోయిన రోజున, నేను అడిగినా అడగకపోయినా, సారు ఆ బిళ్ల పెట్టేవాడు. తాను పక్కగదిలోకి వెళ్లి తలుపు దగ్గరికి వేసుకునేవాడు. నేను ఏడ్చేది చూడకూడదని.

ఇప్పుడు నా తప్పు చెప్పాలి. ఒక దసరాకు ఇల్లంతా దులిపాను. ఇత్తడి చెంబులు, దీపపు సెమ్మెలు, అన్నిటినీ సన్న బూడిదతో తోమాను. బల్ల మీద చెల్లె బిళ్ల కనబడింది. దాని మీద వేళ్ల మరకలు ఉన్నాయి. నా చెల్లెది మురికిగా ఉండొద్దని, అదే బూడిద గుడ్డతో, పళ్లెం తోమినట్టు గుండ్రంగా, గట్టిగా రుద్దాను. తళతళ మెరిసింది. దసరా కదా అని మిషన్‌కు కూడా పక్కన పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టాను. నాగలికి పెడతాం, మోటరుకు పెడతాం, దానికెందుకు పెట్టొద్దు?

సారు వచ్చి బిళ్లను వెలుతురుకు ఎత్తి చూశాడు. చాలాసేపు చూశాడు. మొహం తెల్లబోయింది. కానీ గొంతు పెంచలేదు.

"అమ్మా, దీన్ని గుండ్రంగ తుడువొద్దు. నడిమి నుంచి అంచుకు తుడవాలె, పొద్దు కిరణాలున్నట్టు. పాట గుండ్రంగ రాసి ఉంటది. గుండ్రంగ గీత పడితే పాట తొవ్వ తప్పుతది."

"పోయిందా సారూ?"

"చూద్దాం."

ఇక్కడ బస్టాండు దగ్గరి కంప్యూటర్ దుకాణంలో పెట్టి చూశాడు, గద్వాలలో పెళ్లి వీడియోలు తీసే దుకాణంలో పెట్టి చూశాడు. రెండు చోట్లా మిషన్లు గిరగిరా తిప్పి బయటికి ఉమ్మేశాయి. ఇంటికి వచ్చి తన మిషన్‌లో పెట్టాడు. అది పాడింది. పాట నడుమ ఒక చోట ఆగి, గుటక మింగినట్టు ఒక్క క్షణం తడబడి, దాటింది. ఆ క్షణంలో నా ప్రాణం ఎక్కడికి పోయి వచ్చిందో నాకే తెలియదు. ఆ తరువాత ఎన్నిసార్లు విన్నా ఆ చోటు దగ్గరపడుతుంటే కొంగు నోట్లో కుక్కుకునేదాన్ని.

బొట్టు మాత్రం సారు తుడవలేదు.

ఒక్క సంగతిలో నాకు ఆయన మీద ఇప్పటికీ కోపమే. ఆ పాటను ఫోనులో ఎత్తి పెట్టు సారూ అని ఎన్నేళ్లు మొత్తుకున్నానో. "కాపీల ఊపిరుండదమ్మా" అనేవాడు. ఇంత చదివినవాడికి ఎంత మొండితనం! పోయినవాళ్ల గురించి మంచే చెప్పాలంటారు, నేను చెప్పను. ఆ మొండితనం వల్లనే నేను దొంగనయ్యాను.

ఆ పొద్దున గడప మీంచి లేచి గదిలోకి పోయాను. బల్ల మీద చెల్లె బిళ్ల పెట్టుకునే డబ్బీ తెరిచి ఉంది, ఖాళీగా. దవాఖానకు పోయేముందు సారు వింటున్నది మా చెల్లెనే. నాలుక మీట నొక్కాను, రాలేదు. గోరు పెట్టాను, నా గోర్లు అరిగిపోయినవి, సందులోకి పోలేదు. బయట చెప్పుల చప్పుడు మొదలైంది. ఇంకాసేపట్లో ఇల్లు నిండుతుంది. ఎవరో ఒకరు గుంజుతారు, ఎవరో ఒకరు కింద పడేస్తారు. తీగ పీకాను. ఎర్ర దీపం ఆరిపోయింది. ఉరుములప్పుడు తప్ప ఆయన ఇరవై ఏళ్లు ఆరకుండా చూసుకున్నది ఆయన పోయిన రోజునే నా చేత్తో ఆరిపోయింది. దుప్పటిలో మూటగట్టి నెత్తిన పెట్టుకుని రెండు సందులు దాటాను. చూసినవాళ్లు చూశారు.

ఇంట్లో బియ్యం డబ్బా మీద పెట్టాను. ఆ పదకొండు రోజులు నేను తిన్నదీ లేదు, కన్నుమూసిందీ లేదు. ఎలుక గీరినట్టయితే లేచి కూర్చునేదాన్ని. బల్లి కనబడితే చీపురు పట్టుకునేదాన్ని. చీమలు వస్తాయని డబ్బా చుట్టూ పసుపు గీత గీశాను. వాన పడిన రోజు నా ఒంటిమీది చీర కొంగే దాని మీద కప్పి, దాన్ని వాటేసుకుని కూర్చున్నాను. వాకిట్లో ఎవరు పిలిచినా పోలీసులేమో అనుకున్నాను. పొలంలో పామును గొడ్డలి కామతో కొట్టినదాన్ని, ఒక ఇనుప పెట్టెకు గజగజలాడాను.

పదకొండో రోజు కర్మ అయిన మర్నాడు సారు తమ్ముని కొడుకు నా ఇంటికి వచ్చాడు. వెంట టీచరమ్మ కూడా ఉంది.

"అవ్వా, పెద్దనాయన ప్లేయర్ యాడ పెట్టినవ్?"

"గా బియ్యం డబ్బా మీద."

"ఎవరినడిగి తెచ్చినవ్?"

"ఎవరినడగాలె? అడిగేటోడు పాయె గదా."

"హైదరాబాద్‌ల ఒకాయన కొంటనంటుండు. ఎల్లుండి బండి పంపుతడు."

"పంపనీ. మా చెల్లె దాని కడుపుల ఉన్నది. ఆమెను దింపినంక తీస్కపో."

ఆ పిల్లవాడు నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. టీచరమ్మ అంతా వివరించింది. "ఒక్కసారి మోగితే చాలు, నేను ఫోన్ల ఎత్తుకుంట" అన్నది.

"ఈ ముచ్చట పెద్దనాయన ఉన్నప్పుడే చేస్తే అయిపోతుండె గదా" అన్నాడు.

"మీ పెద్దనాయనను అడుగు పోయి!" అన్నాను.

మిషన్‌ను మళ్లీ నెత్తిన పెట్టుకుని నేనే సారు ఇంటికి మోసుకొచ్చాను, పట్టపగలు, వాడంతా చూస్తుండగా. పాట వినిపించే డబ్బాలు అక్కడే ఉన్నాయి. ఆ పిల్లవాడు తీగలు పెడుతుంటే తడబడ్డాడు. "ఎర్రది ఎర్రదాంట్ల పెట్టు, తెల్లది తెల్లదాంట్ల" అన్నాను. ఇన్నేళ్లు దుమ్ము దులిపినదాన్ని. దీపం వెలిగింది.

"ఇగ నొక్కన్నా?"

"ముట్టకు. చాయ పెడుత."

చాయ పెట్టాను. అర్ధగంట ఎట్లా గడిచిందో చెప్పలేను. మూత మీద చెయ్యి పెట్టాను, వెచ్చగా తగిలింది. అప్పుడు నొక్కమన్నాను. మిషన్ అద్దం మీద ఏవో అక్షరాలు వచ్చాయి. టీచరమ్మ మొహం వాడిపోయింది.

"బిళ్ల లేదంటున్నది అవ్వా."

ఆ పిల్లవాడు జేబులోంచి చిన్న కత్తి తీసి సందులో పెట్టబోతే చేతి మీద ఒక్కటి వేశాను. "చెయ్యి తీయ్! మీ పెద్దనాయన గోరుతోని తీసేది, కత్తితోని కాదు." టీచరమ్మ చెయ్యి పట్టుకుని చూశాను. ఆమె చిటికెన గోరు సన్నగా, నిడివిగా ఉంది. మీట నొక్కుతూ, సారు ఎట్లా పెట్టేవాడో అట్లా ఆమె వేలు పట్టి సందులో పెట్టించాను. నాలుక కదిలింది. ఆగింది. మళ్లీ కదిలి బయటికి వచ్చింది. దాని మీద మా చెల్లె బిళ్ల ఉంది, మోతలో కాస్త పక్కకు జరిగి.

సారు కళ్లద్దాల డబ్బాలో మెత్తటి గుడ్డ ఉంటుంది. దాన్ని తీసి, నా చేతులు కడుక్కుని, బిళ్లను అంచుల మీద పట్టుకుని తుడిచాను. నడిమి నుంచి అంచుకు. నడిమి నుంచి అంచుకు. ఒక్కసారి కూడా గుండ్రంగా పోనివ్వలేదు. తిరిగి పెట్టాను. మింగింది.

ముందు వినబడింది చెల్లె గొంతు కాదు, సారు గొంతు. పట్టిన రోజు ఆయన మాతో అన్న మాట. "పాడుండ్రి తల్లీ, బెదరకుండ్రి." ఆ పిల్లవాడు నిలబడ్డవాడు నిలబడ్డట్టే కింద కూర్చున్నాడు. ఆ తరువాత నేను పాట ఎత్తుకున్నాను, భయంతో చీమంత గొంతు. వెంటనే చెల్లె తిట్టింది. "ఓ అక్కా, గదేం గొంతే, పిల్లిపిల్ల తీరు? ఇడువు భయం!" అని, నవ్వి, తానే అందుకుంది.

ఆ చోటు వచ్చింది. పాట ఆగింది. ముగ్గురం ఊపిరి బిగబట్టాం. ఒకటి. రెండు. ఆ దసరాకు సారు కూర్చున్నట్టే నేను కదలకుండా కూర్చున్నాను. గుటక మింగి, దాటింది.

పాట అయినాక ఆ పిల్లవాడు లేచి మిషన్ పక్కన వంగి చూశాడు. "ఈ బొట్టేంది?" అన్నాడు. చెప్పాను. హైదరాబాదు ఆయనకు ఫోను చేసి, "బండి పంపకుండ్రి అన్నా, ఏడాది కానీ, అప్పుడు చూద్దాం" అన్నాడు. ఇంటి తాళంచెవి మళ్లీ నాకే ఇచ్చాడు. ఏడాది తరువాత ఏమంటాడో నాకు తెలియదు.

టీచరమ్మ తన ఫోనులో ఎత్తుకున్న పాట వినిపించింది. చెల్లె ఉంది. చాయ గ్లాసు కింద పెట్టిన చప్పుడు ఉంది, ఆ పిల్లవాడు ముక్కు చీదిన చప్పుడు ఉంది, నేను కొంగు కుక్కుకున్న ఎక్కిలి ఉంది. కాపీలో ఊపిరి ఉండదన్నావు కదా సారూ. ఉన్నది. మా ముగ్గురిదీ ఉన్నది.

ఇప్పటికీ నా భయం పోలేదు. రోజూ పొద్దున తాళం తీస్తూ ముందు ఆ మసక గదిలోకే చూస్తాను, దీపం ఉందా అని. ఉంటే వాకిలి ఊడుస్తాను. మిషన్ వేసి చాయ పెట్టుకుంటాను. పాట పెట్టను, రబ్బరు ఎన్నిసార్లు ఓర్చుకుంటుందో ఎవరికి తెలుసు. చాయ అయినాక చేతులు కడుక్కుని, తడి తుడుచుకుని, మూత మీద అరచెయ్యి పెడతాను. మొదట ఇనుము చల్లగా తగిలినట్టే ఉంటుంది. చెయ్యి తీయను. అట్లాగే ఉంచుతాను, కాసేపటికి అడుగు నుంచి మెల్లగా వెచ్చదనం వచ్చి నా అరచేతికి తగిలేదాకా.