జోలపాటకు నాలుగు వూఫర్లు

మా అత్త సంవత్సరీకానికి వచ్చిన చుట్టాలు ఆమె కోసం ఏడవడం మానేసి ఒక ఆంప్లిఫయర్ కోసం ఏడ్చారు. ఆ ఘనత పూర్తిగా నాదే. వినండి, మీరూ కాస్త ఏడవండి.

పోర్ట్ బ్లెయిర్ అంచున గరాచర్మలో అప్పారావు మావయ్య ఇల్లు కట్టుకున్నాడు. అత్త ఆ కొత్తింట్లో ఒక్క వానాకాలమే ఉండి వెళ్ళిపోయింది. మావయ్య జీవితమంతా ఓడల ఇంజిన్ రూముల్లో పనిచేసి, చెవులు అక్కడే వదిలేసి రిటైరయ్యాడు. అత్త పాడిన జోలపాట ఒకటి క్యాసెట్‌లో మిగిలింది. కూతురు లక్ష్మి వదిన అది పెడితే, టేప్‌రికార్డర్‌కి చెవి ఆనించి కూర్చునేవాడు.

"చక్రాలు తిరుగుతున్నాయి గానీ, ఏటీ వినపడ్డం నేదే. మీ అమ్మ పాడతందా?"

వదిన తల ఊపేది. ఆయన మళ్ళీ చెవి ఆనించేవాడు. చూడలేక నేను వాకిట్లోకి వెళ్ళిపోయేవాణ్ణి.

"ఇంజిన్ చప్పుడొక్కటే ఒంటికి తెలుస్తాదిరా," అన్నాడొకసారి నాతో, గుండె మీద చెయ్యి వేసుకుని.

అంతే, నా బుర్రలో దీపం వెలిగింది. అప్పుడే ఐటీఐ పాసైన బుర్ర. దానికి వెలగడం తప్ప ఆలోచించడం అలవాటు లేదు. గుండెకు తగిలే చప్పుడు కావాలంటే వూఫర్లు కావాలి!

పక్కింటి శంకర్ భయ్యా పూజలకీ పెళ్ళిళ్ళకీ సౌండ్ పెట్టేవాడు. ఆయన దగ్గర్నుంచి ఆంప్లిఫయర్, మంచం కోళ్ళంత ఎత్తున్న రెండు వూఫర్ పెట్టెలు తెచ్చాను.

"జరా సంభాల్‌కే. పూజా సీజన్ ఆ రహా హై," అన్నాడు, జాగ్రత్తగా చూసుకొమ్మని, పూజల సీజన్ దగ్గరపడిందని.

"భయ్యా, ఐటీఐ చేశాను!" అన్నాను.

సంవత్సరీకం భోజనాలయ్యాయి. చుట్టాలంతా హాల్లో చేరారు. క్యాసెట్ నొక్కాను. వూఫర్లకు సన్నని గొంతు పలకదన్న సంగతి నాకప్పుడు తెలిసింది. పాపం అత్త, ఊయల ఊపే తల్లిలా కాక, బావిలో పడ్డ దున్నపోతులా పాడింది. మా అమ్మ నోట్లో చెంగు కుక్కుకుంది. అది ఏడుపో నవ్వో ఈ రోజుకీ చెప్పదు.

మావయ్య పెట్టె మీద అరచెయ్యి వేసి చూశాడు. "కొంచెం తెలుస్తాంది. ఇంకాస్త ఎయ్యిరా."

ఆయన మొహంలో ఆ ఆశ చూశాక నన్నెవరు ఆపగలరు? పరుగున వెళ్ళి భయ్యా షెడ్‌లోంచి మరో రెండు పెట్టెలు మోసుకొచ్చాను.

"ఇన్నింటికి ఇది ఆగుతాదేట్రా?" అంది వదిన.

"ఆంప్లిఫయర్ వెనకాల నాలుగు ఓములకు తగ్గొద్దని రాసుంది వదినా. ఒక్కో పెట్టె ఎనిమిది. నాలుగు పెట్టెలంటే ముప్ఫైరెండు! బోలెడు!"

పెట్టెల్ని ఒకదాని తర్వాత ఒకటి గొలుసులా కలిపితే ఆ లెక్క నిజమే. నేను మాత్రం అన్ని ప్లస్సులూ ప్లస్సుకీ, అన్ని మైనస్సులూ మైనస్సుకీ బిగించాను. అలా కలిపితే కరెంటుకు ఉండే అడ్డు పెరగదు, తరుగుతుంది. రెండు పెట్టెలతోనే అంచున నిలబడ్డ ఆంప్లిఫయర్‌కి ఇప్పుడు మిగిలింది రెండే ఓములు. అది శక్తికి మించి కరెంటు తోసింది. అత్త ఒక్కసారి గర్జించింది. గోడ మీద ఆవిడ ఫొటో పక్కకు వాలింది. తర్వాత టప్‌మంది, పొగ.

"అరె, జల్ గయా క్యా?" కాలిపోయిందా అంటూ శంకర్ భయ్యా గుమ్మంలోకి వచ్చి, శవాన్ని చూసినట్టు దాన్ని చూసి, కింద కూలబడ్డాడు. పూజల సీజన్‌లో ఆయన తినే అన్నంలో నేను మట్టి కొట్టాను. ఆయన కళ్ళు తుడుచుకుంటుంటే చుట్టాలంతా ఏడుపు అందుకున్నారు.

మావయ్య మాత్రం పెట్టె మీంచి చెయ్యి తియ్యలేదు. "ఆగిపోనాది," అన్నాడు మెల్లగా. "అప్పుడే ఆగిపోనాది."

ఎక్కడైనా దూరి చచ్చిపోవాలనిపించింది. లక్ష్మి వదిన వచ్చి నాన్న పక్కన కూర్చుంది. ఆయన చెయ్యి తీసి తన గొంతు మీద పెట్టుకుని, అమ్మ జోలపాట లోగొంతుకలో మొదలుపెట్టింది. మావయ్య కళ్ళు మూసుకున్నాడు. పాట అయ్యేదాకా నీళ్ళు కారుతూనే ఉన్నాయి.

"అదే," అన్నాడు చివరికి. "అచ్చం మీ అమ్మే. రెండో చరణంలో ఎప్పుడూ ఇలాగే శ్రుతి తప్పేసేది."

శంకర్ భయ్యాతో సహా అందరం ఏడుస్తూనే నవ్వాం.

కాబట్టి మహాజనులారా, ఈ దీవుల చుట్టూ ఉన్న ఉప్పునీటి మీద ఒట్టు. తీగ ముట్టే ముందు ఓములు కూడాలో భాగించాలో కనుక్కుంటాను. జోలపాటకు వూఫర్ పెట్టను. ఇకపై ఎవరి సంవత్సరీకానికైనా ఉత్త చేతులతో వెళ్ళి, విస్తరి ముందు బుద్ధిగా కూర్చుంటాను.