ఎంగిలి అని చెప్పలేక

రిటైరయ్యే ముందు ఏడాది అక్టోబరులో నన్ను అయోవాలోని ఓ చిన్న ఊరి మ్యూజియానికి మూడు నెలల కాంట్రాక్టు మీద పంపారు. నేను కన్సర్వేటర్‌ని, అంటే పాత చిత్రాలను శుభ్రం చేసి, రాలిపోతున్న రంగును నిలబెట్టేవాణ్ణి. అక్కడ నాకప్పగించింది ఒక డెన్మార్క్ చిత్రకారుడి పెద్ద చిత్రం: కోత ముగిసిన బార్లీ చేను, పనలు కడుతున్న ఆడవాళ్లు, వాటన్నిటి మీదా ఏళ్ల తరబడి పట్టిన పొయ్యి మసి.

మసి తీయడానికి మా వృత్తిలో ముందుగా వాడేది ఉమ్మి. పుల్లకు చుట్టిన దూదిని నోట్లో తడిపి, గింజంత మేర దొర్లించి, పారేయాలి. మసిని విడదీసే గుణం ఉమ్మికి ఉంది, పైగా దూదికి అంటినంత తడే చిత్రం మీద పడుతుంది. తడిగుడ్డ పెడితే నీళ్లు పగుళ్లలోకి దిగి రంగును లేపేస్తాయి. ఎంగిలి చేత్తో పచ్చడి జాడీ ముట్టుకుంటే వీపు విమానం మోత మోగే ఇంట్లో పెరిగాను నేను. ఉమ్మితో తుడిచే పని ముప్ఫై ఏళ్లు చేశాను గానీ, దాని పేరు బయటికి అనడానికి నోరొచ్చేది కాదు.

మ్యూజియం నేలమాళిగలో నాతో మాట్లాడే మనిషి ఒక్కరే, కారెన్. ఎనభై దాటిన ఆవిడ, ఆ చిత్రాన్ని మ్యూజియానికిచ్చిన కుటుంబంలో చివరి మనిషి. మంగళవారాలు ఫ్లాస్కులో కాఫీ తెచ్చేది. మిగతా రోజులు పనలు కట్టే ఆడవాళ్లే నాకు తోడు. ఒంటరితనం బాధించింది, దాచుకోవడమెందుకు.

“మీ ఎంగిలి సంగతి ఆవిడకి చెప్పేరు గనక! ఆ కాఫీ కూడా కట్ అయిపోతుంది,” అని ప్లేనోలోని మా ఇంటి నుంచి మా ఆవిడ ఫోన్‌లో ఏడిపించింది.

దేంతో తుడుస్తున్నారని ఆ వారమే కారెన్ అడిగింది. కొంచెం నీళ్లతో అన్నాను.

తర్వాతి మంగళవారం ఆవిడ కాఫీ తేలేదు. తువ్వాలులో చుట్టిన చిన్న చిత్రం తెచ్చింది. అదే చిత్రకారుడిది, గుమ్మంలో బాతులకు గింజలేస్తున్న పడుచు, కారెన్ నానమ్మ. ఆ వయసులో నానమ్మ ముఖం మరే చిత్రంలోనూ లేదట. నీళ్లతో అన్న నా మాట నమ్మి కారెన్ వంటింట్లో తడిగుడ్డతో తుడిస్తే ముఖం గుడ్డకు వచ్చేసింది.

మిగిలిన రంగును అతికించాను. ముఖం మాత్రం గీయలేదు. ఆధారం లేనిది ఊహించి వేయకూడదన్నది మా నియమం. ఆ చోట లేత మట్టిరంగు నింపి వదిలాను. చిత్రం తిరిగిచ్చేటప్పుడు, నేను వాడేది ఉమ్మి అని ఒప్పుకున్నాను.

కారెన్ ఆ ఖాళీకేసి చూసింది. “మా నానమ్మ నా మూతి కూడా రుమాలు ఉమ్మితో తడిపే తుడిచేది. చెప్పి ఉంటే నేనేమనుకునేదాన్ని?” అంది.

మిగిలిన మంగళవారాలు ఆవిడ రాలేదు.

ఆ తర్వాత చేసిన ప్రతి పని నివేదికలో, వాడిన పదార్థాల కింద మొదటి వరుసలో ‘ఉమ్మి’ అని రాశాను. ఏం వాడామో ఉన్నదున్నట్టు చెప్పడం కూడా మరమ్మతులో భాగమే. నేను సిగ్గుపడి మింగేసిన ఒక్క మాటకి ఆవిడ నానమ్మ ముఖం పోయింది.