స్తంభానికి కట్టిన మేనేజరు

సాయంత్రం నాలుగూ పదికి మామ్మగారికి కాఫీ ఇచ్చాను. నాలుగింటికల్లా కాఫీ పడాలని వాళ్లబ్బాయి పొద్దున్నే చెప్పాడు కాబట్టి ఆ పది నిమిషాల ఆలస్యం నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆ రోజుల్లో నేను దేనికైనా భయపడగలిగేవాణ్ణి. కాఫీ చల్లారితే భయం, అతిథి నవ్వకపోతే భయం, నవ్వితే దేన్ని చూసి నవ్వాడోనని భయం. డిగ్రీ అయ్యాక గుడివాడలో ఒక లాడ్జిలో ఆర్నెల్లు తాళాలు అందించిన అనుభవంతో, బందరుకోట దగ్గర మా మేనత్త ఇంటికి మేనేజరుగా వచ్చాను. (మేనేజరు అన్న మాట అత్తదే. బాత్రూములు కడిగేది కూడా మేనేజరే.)

ఓడలు వచ్చే కాలంలో ఎవరో తెల్ల వర్తకుడు సముద్రపు గాలికోసం కట్టించుకున్న ఇల్లది. చేతులు మారి మారి మా మావయ్య వాళ్లకి దక్కేసరికి సగం కూలి ఉంది. మావయ్య పోయాక ఆయన తమ్ముళ్లు అమ్మేద్దామన్నారు. అత్త ఒప్పుకోలేదు. దగ్గరుండి సున్నం గానుగ పట్టించి, చెదపట్టిన దూలాలు మార్పించి, వరండాలో లావుపాటి స్తంభాలు మళ్లీ నిలబెట్టించి, గదులు అతిథులకి ఇవ్వడం మొదలుపెట్టింది. "ఈ చలికాలం చూద్దాం వదినా. జనం రాకపోతే మాత్రం మా మాట వినాలి" అని మరుదులు గడువు పెట్టి వెళ్లారు. అప్పుడే హైదరాబాదు నుంచి ఒక కార్యదర్శిగారు వస్తున్నానని ఫోన్ చేశాడు. పాత కట్టడాలు చూడ్డానికి జనాన్ని బస్సుల్లో తిప్పే సంఘం ఆయనది. మా ఇల్లు నచ్చితే చలికాలమంతా మా గదులు నిండుతాయి. నచ్చకపోతే ఇల్లు పోతుంది. వాళ్లమ్మగారిని కూడా వెంటబెట్టుకుని వచ్చాడు. ఆవిణ్ణే నేను మామ్మగారూ అని పిలిచాను.

నా భయానికి అసలు కారణం కార్యదర్శి కాదు, తాళ్లు. ప్రతి గదిలోనూ మంచం కింద అత్త ఒక తాడు పెట్టేది. పడవలకి వాడే తెల్ల నైలాను తాడు, చుట్ట చుట్టి, పొడుగ్గా. అత్తది నాగాయలంక అవతల ఒక పల్లె. ఉప్పెన వచ్చినప్పుడు చిన్నపిల్ల. వాళ్లమ్మ తనని తాటిచెట్టుకి కట్టేయడం వల్ల బతికింది. మా నాన్న బందరులో హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాడు కాబట్టి ఆయనా బతికాడు. మా ఇంట్లో ఎవరూ అంతకుమించి మాట్లాడేవాళ్లు కాదు. అత్త కూడా మాట్లాడేది కాదు, కానీ వచ్చిన ప్రతి అతిథికీ తాడు ఎలా కట్టుకోవాలో చూపించేది. విమానంలో ఎయిర్ హోస్టెస్ బెల్టు చూపించినట్టు. చూపించడానికి ఒక మనిషి కావాలి కదా, ఆ మనిషిని నేను. వరండా స్తంభానికి నన్ను నిలబెట్టి, "నడుముకి కాదండీ, చంకల కింద. చెట్టు సముద్రం వైపుండాలి, మనిషి ఊరి వైపుండాలి. ముడి వెనకాల పడాలి, మన చేతికి అందకూడదు. భయమేస్తే మనిషి తన ముడి తనే విప్పేసుకుంటాడు" అని శ్రద్ధగా చెప్పేది. ఆఖర్న, "నీళ్లొస్తే ముందు నోట్లో వేసుకుని చూడండి. చప్పగా ఉంటే వాన. ఉప్పగా ఉంటే ఇంకేం ఆలోచించొద్దు" అనేది. అతిథులు తలూపేవాళ్లు. కొందరు ఆ రాత్రి ఉండకుండానే వెళ్లిపోయేవాళ్లు.

"మేడ ఉంది కదత్తా, నీళ్లొస్తే పైకెక్కుతారు. ఈ తాళ్లెందుకు?" అని ఒకసారి అడిగాను.

"మా ఊళ్లోనూ మేడ ఉండేదిరా" అంది.

ఇంక అడగలేదు. కార్యదర్శి వస్తున్నాడని తెలిశాక మాత్రం నేను అత్త కాళ్లావేళ్లా పడితే ఒక ఒప్పందానికి వచ్చాం. తాళ్లు ఉంటాయి, ప్రదర్శన ఉండదు. "తాడు లేని గది మాత్రం నేనివ్వను" అని ఖాయంగా చెప్పింది.

కాఫీ తాగిన మామ్మగారు చెప్పు మంచం కిందికి పోయిందని వంగారు. లేచి వరండాలోకి వచ్చేటప్పటికి చేతిలో తాడుంది. ఆవిడ మొహంలో రంగు లేదు. "బాబూ, ఈ గదిలో ఇదివరకు ఎవరైనా..." అని ఆగిపోయారు. కార్యదర్శిగారు ముందు తాడు వంకా, తర్వాత దూలం వంకా చూశాడు.

"బట్టలారేసుకోడానికండీ" అన్నాను.

"అబద్ధమెందుకు చెప్తావురా?" అంది వెనక నుంచి అత్త. చర్చిలో స్త్రీల కూటానికి పెద్ద ఆవిడ. ఎవరైనా తన ఎదుట అబద్ధమాడితే ఆవిడ ఊరుకునేది కాదు. "అది ఉప్పెన తాడండీ. రండి, చూపిస్తాను. ఒరేయ్, స్తంభం దగ్గరికి పద."

బయట గాలి మధ్యాహ్నం నుంచే మారింది. సముద్రంలో వాయుగుండం ఉందనీ, పోర్టులో మూడో నంబరు హెచ్చరిక ఎగరేశారనీ టీవీలో వచ్చింది. తూర్పు గాలి తిరిగినప్పుడల్లా అత్త గొంతు సన్నబడేది. ఆ రోజు చూపించడంలో కూడా మామూలు నిదానం లేదు. తాడు నా ఛాతీ చుట్టూ గట్టిగా బిగించింది. వెనకాల ముడి పడింది. సరిగ్గా అప్పుడు వీధిలో ఎవరో అరిచారు, "నీళ్లండోయ్! నీళ్లొచ్చేస్తున్నాయి!"

గేటు కింద నుంచి నీళ్లు లోపలికి వచ్చాయి. బురద రంగు నీళ్లు. మెల్లగా కాదు. నేను చూస్తుండగానే మొదటి మెట్టు మునిగింది, రెండో మెట్టు మునిగింది, వరండాలోకి వచ్చి నా చీలమండల్ని ముట్టుకున్నాయి. కార్యదర్శిగారు ఫోను పట్టుకుని మేడమెట్లు ఎక్కేశాడు. అత్త మామ్మగారి చెయ్యి పట్టుకుని మెట్ల వైపు లాక్కెళ్లింది. నేనున్నానన్న సంగతి ఎవరికీ గుర్తు లేదు. నిజానికి అందుకు వాళ్లని తప్పుపట్టలేం. అత్త పాఠం ప్రకారం ఆ ఇంట్లో అందరికన్నా క్షేమంగా ఉన్నవాణ్ణి నేనే.

"మామ్మగారూ! ఒక్కసారి నోట్లో వేసుకుని చూడండి! ఉప్పగా ఉందా?" అని కేకపెట్టాను. వంగి నేనే చూద్దామంటే తాడు వంగనివ్వదు.

ఆ పెద్దావిడ అంత హడావుడిలోనూ ఆగి, కింది మెట్టు మీద వంగి, వేలు ముంచి, చారు రుచి చూసినట్టు నాలిక్కి తగిలించుకున్నారు. కాస్త ఆలోచించి చెప్పారు.

"ఉంది బాబూ. కొంచెం ఎక్కువే ఉంది."

అత్త మొహం అప్పుడు చూశాను. ఆ మొహం నేను మళ్లీ చూడలేదు, చూడాలనీ లేదు. మామ్మగారిని మేడ మీదికి తోసేసి కనపడకుండా పోయింది. నేను స్తంభానికి అతుక్కుని, నాకు తెలిసిన ప్రార్థనలన్నీ కలగాపులగంగా చెప్పడం మొదలుపెట్టాను. (మధ్యలో గుడివాడ లాడ్జిలో చెక్అవుట్ నిబంధనలు కూడా వచ్చాయని తర్వాత మామ్మగారు చెప్పారు.)

మా అత్త ఉప్పునీళ్లలో కాలు పెట్టే మనిషి కాదు. పున్నమికి మంగినపూడి సముద్రంలో లోకమంతా స్నానం చేస్తుంటే ఆవిడ కారు పక్కనే నిలబడి ఉండేది. అలాంటి మనిషి ఆ మెట్లు దిగి రావడం చూశాను. ఆఖరి మెట్టు మీద ఒక్క క్షణం ఆగింది. "ప్రభువా" అని, కళ్లు మూసుకుని నీళ్లలోకి దిగింది. స్తంభం వెనక్కి వెళ్లి ముడి పట్టుకుంది. గోళ్లతో లాగుతుంటే తాడు నా ఛాతీకి ఇంకా బిగుసుకుంటోంది.

"విప్పత్తా, పైకెళ్దాం!"

"తడిసిపోయిందిరా. రావట్లేదు."

"నువ్వెళ్లు. నేను కట్టి ఉన్నా కదా, నాకేం కాదు" అన్నాను. (ఆ మాట నేనే అన్నానంటే నాకే ఆశ్చర్యం.)

అత్త వెళ్లలేదు. మిగిలిన తాడు తన చంకల కింద నుంచి తిప్పుకుని, స్తంభానికి చుట్టుకుని, కొస చేత్తో పట్టుకుని నా పక్కన నిలబడింది. "మీ నాయనమ్మకి తాడు చాల్లేదురా. నాకు కట్టేసరికి అయిపోయింది" అంది. కొస ఇంకోసారి చేతికి చుట్టుకుని, "అందుకే పొడుగ్గా కొన్నా" అంది.

నీళ్లు మోకాళ్ల దాకా రాలేదు గానీ, వస్తాయని ఇద్దరం ఎదురుచూస్తున్నాం. అప్పుడు నా కాలికి ఏదో తగిలింది. గట్టిగా అరిచాను. అది మళ్లీ తగిలి, ఎగిరి, అత్త చీర మీద పడింది.

రొయ్య.

అత్త దాన్ని చూసింది. చుట్టూ చూసింది. వరండా నిండా రొయ్యలు చిటపటలాడుతున్నాయి. గేటు దగ్గర నుంచి పక్కింటాయన లుంగీ ఎగ్గట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. "నా ఉప్పునీళ్ల చెరువు గట్టు తెగిపోయిందండీ! ఉన్న సరుకంతా మీ ఇంటిమీద పడింది! ఎవరూ ముట్టుకోకండి, అవి నావి!" అన్నాడు. అప్పుడు మమ్మల్ని చూసి నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు.

"ముందు మమ్మల్ని విప్పవయ్యా. తర్వాత నీ రొయ్యలు ఏరుకుందువుగాని" అంది అత్త.

ఆయన వల్ల కాలేదు. చివరికి మామ్మగారు కిందికి దిగి, తలలోంచి పిన్ను తీసి, ముడి సందులో దూర్చి ఓపిగ్గా విప్పారు. విప్పుతూ, "చక్కటి ముడమ్మా" అన్నారు. తాడు వదులవగానే అత్త నేలమీద కూర్చుని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి ఏడ్చింది. మామ్మగారు ఆవిడ వీపు మీద చెయ్యేసి పక్కనే ఆ నీళ్లలోనే కూర్చున్నారు. వాయుగుండం ఎటో ఉత్తరానికి పోయింది. ఆ పూట అందరం రొయ్యల కూర తిన్నాం, పక్కింటాయనతో సహా.

మర్నాడు బయల్దేరేటప్పుడు కార్యదర్శిగారు గొంతు సవరించుకున్నాడు. ఇల్లు పోయిందనే అనుకున్నాను. "మా వాళ్లని పంపిస్తానండీ. కానీ ఆ తాడు పాఠం మాత్రం అందరికీ చెప్పాలి" అన్నాడు. మామ్మగారు తమ గదిలో తాడు ఇస్తే తీసుకెళ్తానన్నారు. "అమ్మా, మనం ఉండేది నాలుగో అంతస్తు" అన్నాడు కొడుకు. "ఉంటే ఏం?" అని ఆవిడ తాడు సంచిలో పెట్టుకున్నారు.

ఆ చలికాలం బస్సు వచ్చిన ప్రతిసారీ నన్ను స్తంభానికి కట్టారు. జనం ఫోటోలు తీసుకున్నారు. మరుదులు ఇంటి మాట ఎత్తడం మానేశారు. ఏళ్ల తరబడి అలా గడిచింది. పోయినేడు అత్త పోయింది, ఆసుపత్రిలో, మంచం మీద. నేను పక్కనే ఉన్నాను. కట్టడానికి ఏమీ లేదు.

ఇల్లు నేనే నడుపుతున్నాను. మంచాల కింద తాళ్లున్నాయి. రుచి చూడమని నేనే చెప్తాను, మామ్మగారి సంగతి చెప్తే అందరూ నవ్వుతారు. తూర్పు గాలి తిరిగితే నాకు భయమేస్తుంది. ఇదివరకటిలా దేనికి పడితే దానికి కాదు, దానికొక్కదానికే. వంటమనిషి ఒకటి రెండుసార్లు స్తంభం దగ్గర నిలబడి, కట్టండి సార్, చూపిద్దాం అన్నాడు. అన్నిసార్లు కట్టించుకున్నవాణ్ణి నేను. ముడి ఎప్పుడూ నా వెనకాలే పడింది. అత్త ఎలా వేసేదో నేను చూడలేదు.

ఇప్పుడు మా ఇంట్లో స్తంభానికి ఎవరినీ కట్టడం లేదు.